నీలి వెలుగులో పసిగుండె

గాజుపళ్ళెంలో గుండెకణాలు కొట్టుకుంటున్నాయి. సూక్ష్మదర్శినిలోంచి చూస్తే అదొక పల్చని పొర, ఉండుండి తనలో తాను ఉలిక్కిపడుతున్నట్టుంటుంది. హైమవతి బల్ల మీది మీట నొక్కింది. పళ్ళెం మీద నీలి వెలుగు పడింది. పొర కదలిక ఆగిపోయింది. పక్కనున్న మీట నొక్కితే వెలుగు ఆకుపచ్చగా మారింది. కణాలు మళ్ళీ కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఈ పని ఆమె కొన్ని వేలసార్లు చేసి ఉంటుంది. అయినా, ఆగిన కణాలు తిరిగి కదిలేదాకా ఊపిరి బిగపట్టే అలవాటు మాత్రం పోలేదు.

ప్రతి కణానికీ గోడలాంటి పొర ఉంటుంది. ఆ గోడలో కంటికి ఆనని వాకిళ్ళుంటాయి. సోడియం, కాల్షియం, పొటాషియం అయాన్లు వాటిలోంచి వరస తప్పకుండా వస్తూ పోతూ ఉంటేనే గుండె ముడుచుకుంటుంది, విచ్చుకుంటుంది. వరస తప్పితే గుండె కొట్టుకోదు, గిలగిలా గింజుకుంటుంది. హైమ చదువుకునే రోజుల్లో వాళ్ళ నాన్న గుమ్మంలో నిలబడి చెప్పులు తొడుక్కుంటూ కూలిపోయింది అందుకే. నొప్పి అని కూడా అనలేదు. అంతకుముందు పెదనాన్న పోయిందీ అలాగే. అది వంశపు జబ్బని, పొటాషియం వాకిళ్ళ తయారీలోనే లోపముందని తెలిసేనాటికి హైమ రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. రక్తపరీక్షలో తనకు ఆ లోపం లేదని తేలింది. చెల్లెలు మణిమాలకు ఉందని తేలింది. ఆ రోజు హైమ ఏడ్చినంత మాల ఏడవలేదు.

మాల ఛాతీలో షాకుపెట్టె అమర్చారు. గుండె గింజుకోగానే అది లోపల్నుంచి కరెంటు కొట్టి దాన్ని దారిలో పెడుతుంది. "గేదె వెనక్కాళ్ళతో తన్నినట్టుంటుందక్కా" అనేది మాల. ఆమె పెళ్ళిలో తలంబ్రాలు పోసుకుంటున్నప్పుడు కూడా కొట్టింది. దోసిట్లోని బియ్యం ఎగిరి పురోహితుడి నెత్తిన పడ్డాయి. సంగతి తెలియనివాళ్ళు నవ్వారు. తెలిసిన పెళ్ళికొడుకు గోవిందరాజు మాత్రం ఆమె చేతులు రెండూ గట్టిగా పట్టుకున్నాడు. మాల తనూ నవ్వింది. ఆ నవ్వు చూడలేక హైమ పందిరి బయటికి వెళ్ళిపోయింది.

గొళ్ళెం పుట్టింది ఆ తర్వాతే. ప్రయోగశాలలో అందరూ దాన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. పొటాషియం వాకిలికి అతుక్కుని ఉండే అణువు అది. నీలి వెలుగు తగిలితే దాని ఒళ్ళు వంగి వాకిలి తెరుచుకుంటుంది, పొటాషియం బయటికి జారి కణం నెమ్మదిస్తుంది. ఆకుపచ్చ వెలుగు తగిలితే నిటారుగా లేచి వాకిలి మూసుకుంటుంది. మాల రోజూ ఒక మాత్ర వేసుకుంటే చాలు. గుండె గింజుకోబోయే క్షణంలో, గుండెకు ఆనించి పెట్టిన వెంట్రుకలాంటి దీపపుతీగ రెప్పపాటు నీలంగా, ఆ వెంటనే ఆకుపచ్చగా వెలిగి ఆరిపోతుంది. గుండె సద్దుమణిగి తన లయ తను అందుకుంటుంది. మాలకు తెలియను కూడా తెలియదు. షాకుపెట్టె లోపలే ఉంది గానీ గొళ్ళెం వచ్చాక దానికి పని పడలేదు.

మందు ఇంకా మనుషుల మీద ప్రయోగదశలోనే ఉంది. ప్రయోగంలో ఉన్న ఆడవాళ్ళు గర్భం దాల్చకూడదని నియమం. మాల దాల్చింది, అయిదో నెల దాకా ఎవరికీ చెప్పలేదు. మాత్ర ఆపితే తల్లి ప్రాణానికి హామీ లేదు. ఆపకపోతే బిడ్డకేమవుతుందని, ప్రయోగం మంచిచెడ్డలు చూసే సమీక్షా సంఘం హైమను అడిగింది.

"వెలుగు పడితేనే కదండీ అది పనిచేసేది. కడుపులో అంతా చీకటి" అంది హైమ. మందు తిన్న ఎలుకలకు పిల్లలు ఏ లోపమూ లేకుండా పుట్టాయని చూపించింది. అందరూ తలూపారు. అందులో తలపండిన హృద్రోగ నిపుణులున్నారు, శిశువైద్యులున్నారు. ఎవరికీ ఇంకో ప్రశ్న తోచలేదు.

కాన్పు విశాఖపట్నంలోనే, హైమ కళ్ళెదుట జరగాలనుకున్నారు. కానీ మాలకు నెల ముందే నొప్పులొచ్చి, తునిలో అత్తవారింటి దగ్గరి నర్సింగ్‌హోమ్‌లోనే ప్రసవించింది. ఆడపిల్ల. కాన్పంతటిలో తల్లి గుండె ఒక్కసారి కూడా తడబడలేదని విని ప్రయోగశాలలో కాజాలు పంచుకున్నారు.

కాన్పయిన నాలుగో రోజు పొద్దున గోవిందరాజు ఫోన్ చేశాడు. తునిలో జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాడు. మాట తొణకని మనిషి.

"వదినగారూ, పాప ఒళ్ళు పచ్చబడిందండి. పొద్దుటెండ తగిలితే పోతుందని మా అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళిందండి. కాసేపటికి మెడ వాల్చేసింది. పెదాలు నల్లబడ్డాయి. లోపలికి తేగానే మెల్లగా తేరుకుందండి."

"పాలు తాగుతోందా?"

"అంతంతమాత్రం. అమ్మేమో దిష్టి అంటోంది."

"దిష్టీ లేదు ఏమీ లేదు. ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అంది హైమ. నెల తక్కువ పిల్లలకు కామెర్లు మామూలే. ఆమె మనసులో పెద్దగా భయమేమీ కలగలేదు. పళ్ళెం ముందు కూర్చుని తన పనిలో పడింది.

రెండోసారి ఫోన్ మోగినప్పుడు ఆమె వేలు నీలం మీట మీద ఉంది.

"వదినగారూ." గోవిందరాజు గొంతు వణుకుతోంది. "పాపని లైటు కింద పెట్టారండి. అందరు పిల్లల్నీ పెడతారంట కదా. కాసేపటికి గుండె నెమ్మదించిపోయింది. తీసి, ఊపిరి అందించి తేర్చారు. రక్తంలో క్రిములు చేరాయేమోనని సూది వేసి మళ్ళీ లైటు కింద పెట్టారండి. ఇప్పుడు మళ్ళీ..."

"ఏం లైటు?"

"కామెర్లకి పెట్టే లైటండి. నీలం లైటు."

హైమ పళ్ళెం వైపు చూసింది. కణాల పొర నీలి వెలుగులో కదలకుండా పడి ఉంది. తల్లి తిన్న మాత్ర బిడ్డ రక్తంలోకి, రక్తంలోంచి గుండెలోకి వెళ్ళింది. వెళుతుందని అందరికీ తెలుసు. కడుపులో చీకటి అని ఊరుకున్నారు. కానీ బిడ్డ కడుపులోనే ఉండిపోదు కదా. పెద్దవాళ్ళ ఛాతీలోకి నీలి వెలుగు చొరబడలేదు. నెల తక్కువ బిడ్డ ఛాతీ ఎంతని! చర్మం ఉల్లిపొరలా ఉంటుంది. పొద్దుటెండలో నీలం ఉంది. కామెర్ల దీపంలో ఉన్నదంతా నీలమే.

"లైటు ఆపమనండి!" ఆమె అరుపుకు గదిలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. "గోవిందరాజు గారూ, పరిగెత్తండి. లైటు తీసెయ్యమనండి. కిటికీలు మూయమనండి. ఫోను డాక్టరుగారికివ్వండి."

అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు, ఎవరో కసురుకోవడం వినిపించాయి. తర్వాత ఒక ఆడగొంతు. "నేను డాక్టర్ రెహానా. ఎవరండీ మీరు?"

హైమ చెప్పింది. రెండు వాక్యాల్లో చెప్పాలనుకుంది గానీ మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

"తల్లికి గుండె మందని చెప్పారు గానీ ఇలాంటిదని నాకెవరూ చెప్పలేదండి" అంది రెహానా. "లైటు ఇప్పుడే తీయించాను. అయినా గుండె పుంజుకోవట్లేదు. అరవైకి అటూఇటూగా ఉంది. ఈ వయసు బిడ్డకు దానికి రెట్టింపు ఉండాలి."

"వంగిన అణువు చీకట్లో దానంతటది నిటారు కావడానికి చాలాసేపు పడుతుంది. ఆకుపచ్చ వెలుగైతే వెంటనే మూసేస్తుంది. నేను తీసుకొస్తున్నాను."

"త్వరగా రండి. ఇంకో సంగతి వినండి. రక్తంలో కామెర్ల పసుపు, బిలిరుబిన్, ఇరవై దాటింది, ఇంకా పెరుగుతోంది. లైటు పెట్టకపోతే ఆ విషం మెదడుకెక్కుతుంది. రక్తమార్పిడి చెయ్యాలంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. ఇలాంటి గుండెతో, ఈ ఎండలో, ఈ పాపని నేను గడప దాటించలేను."

సంస్థ కారులో హైమ బయల్దేరింది. ఒళ్ళో చేతిసంచి, అందులో ప్రయోగశాల దీపం, వెలుగులో ఏ రంగు ఎంతుందో కొలిచే యంత్రం. అనకాపల్లి దాటేదాకా డ్రైవరు ఏదో మాట్లాడబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. రోడ్డు పక్కన మామిడికాయల గంపలు, లారీలు, గొడుగేసుకుని వెళ్తున్న మనుషులు. అన్నిటి మీదా ఎండ. ఆ వెలుగులో ఉన్న నీలాన్ని మునుపెన్నడూ ఆమె విడిగా చూడలేదు. ఎలుకపిల్లల గది గుర్తొచ్చింది. ఎలుకలు బెదరకుండా అక్కడ ఎప్పుడూ ఎర్రబల్బులే వెలుగుతాయి. అవి ఒక్కసారైనా ఎండ చూసి ఉంటే ఈ రోజు ఇలా ఉండేది కాదు.

నర్సింగ్‌హోమ్ వరండాలో గోవిందరాజు తల్లి మహలక్ష్మమ్మ గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. హైమను చూడగానే లేవబోయి లేవలేకపోయింది.

"నేనే ఎండలోకి తీసుకెళ్ళానమ్మా. నా చేతులారా తీసుకెళ్ళాను. మా పిల్లలందర్నీ అలాగే పెంచానమ్మా."

"మీ తప్పు కాదు అత్తయ్యగారూ. అది మేం చూసుకోవలసింది" అంటూనే హైమ లోపలికి వెళ్ళింది.

కిటికీలకు దుప్పట్లు కట్టిన గది. పాప గాజుతొట్టెలో పడుకుని ఉంది. అరచేతి వెడల్పున్న ఛాతీ. పసుపు పూసినట్టున్న ఒళ్ళు. మానిటరు అంకె యాభై ఎనిమిది చూపిస్తోంది. పొట్టిగా, జుట్టు ముడేసుకుని ఉన్న డాక్టర్ రెహానా తొట్టె పక్కనుంచి కదలకుండానే చేయి చాచింది. "తెచ్చారా?"

హైమ దీపం తీసింది. పళ్ళెంలోని కణాల మీద వేలసార్లు వేసిన వెలుగే. ఒకవేళ బిడ్డ గుండెలో గొళ్ళెం ఇంకోలా ప్రవర్తిస్తే? ఆకుపచ్చ అనుకున్నది వికటిస్తే?

"మీకు ఖాయంగా తెలుసా?" రెహానా ఆమె కళ్ళల్లోకి చూస్తూ అడిగింది.

"పళ్ళెంలో తెలుసు. పెద్దవాళ్ళలో తెలుసు. ఇంత చిన్న బిడ్డలో ఎవరికీ తెలియదు."

రెహానా ఒక్క క్షణం ఆలోచించింది. "అబద్ధం చెప్పలేదు, సంతోషం. వెయ్యండి."

ఆకుపచ్చ వెలుగు పాప ఛాతీ మీద రూపాయి బిళ్ళంత మేర పడింది. అంకె మారలేదు. యాభై ఎనిమిది. యాభై ఏడు. తలుపు దగ్గర గోవిందరాజు గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. హైమ దీపాన్ని పక్కటెముకల సందుకు కొంచెం ఎడమగా జరిపింది. అరవై రెండు. డెబ్బై. ఆగింది. మళ్ళీ కదిలింది. తొంభై దాటాక పాప కాలు తన్నింది. నూటపది దాటాక నోరు తెరిచింది. ముందు చప్పుడు రాలేదు, తర్వాత పిల్లికూనలా ఏడ్చింది.

రెహానా నుదుటి చెమట మోచేత్తో తుడుచుకుంది. "గుండె సరే. కామెర్ల సంగతి చెప్పండి. నీలం వెయ్యకూడదు. మరి?"

దారిపొడుగునా హైమ ఆలోచించింది దాని గురించే. "ఆకుపచ్చకి కూడా బిలిరుబిన్ కరుగుతుంది. నీలమంత చురుగ్గా కాదు. కానీ ఒళ్ళంతా తగిలేలా, గట్టిగా వేస్తే కరుగుతుంది. గొళ్ళెం కూడా మూసే ఉంటుంది. నా దీపం చాలదు. ఇంత ఉండాలి" అని రెండు చేతులూ చాచి చూపించింది.

"అంత ఆకుపచ్చ లైటు తునిలో ఎక్కడ దొరుకుతుందండీ?"

జవాబు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. "పెళ్ళిళ్ళకి వేస్తారు కదండీ" అన్నాడు గోవిందరాజు. "ఫంక్షన్‌హాళ్ళకి పెట్టే రంగులైట్లు. మెయిన్‌రోడ్డులో లైటింగ్ షాపుంది." ఎవరి అనుమతి కోసమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆయన వచ్చేలోగా హైమ, పాపతోపాటు వచ్చి పక్కగదిలో ఉన్న మాల దగ్గరికి వెళ్ళింది. మాల మంచం మీద లేచి కూర్చుని ఉంది. జుట్టు రేగి, కళ్ళు ఎండిపోయి ఉన్నాయి. నర్సు అన్నీ చెప్పినట్టుంది.

"నా మందే కదా?" అంది.

"అవును."

"నువ్వు చేసిందే కదా?"

హైమ మంచం అంచున కూర్చోబోయింది.

"కూర్చోకు" అంది మాల. "నాకు కాన్పయింది గానీ ఒళ్ళు బాగానే ఉంది. నా దగ్గరెవరూ ఉండక్కర్లేదు. దాని దగ్గరుండు. నువ్వు తెచ్చిందాన్ని నువ్వే ఆపు."

లైటింగ్ షాపు కుర్రాళ్ళు పెద్ద పెద్ద డబ్బాల్లాంటి లైట్లు నాలుగు మోసుకొచ్చారు. ఇంకా వాటికి ఏదో రిసెప్షన్ తాలూకు పూలరేకులు అతుక్కుని ఉన్నాయి. నర్సులు స్పిరిట్‌తో తుడిచారు. "పెళ్ళిలైట్లు నా వార్డులో పెట్టిస్తానని కల్లో కూడా అనుకోలేదు" అంటూనే రెహానా స్టాండ్లు సర్దించింది. మొదటి లైటు వెలిగించారు. గదంతా పచ్చిక రంగులోకి మారింది. హైమ కొలత యంత్రాన్ని దాని ముందు పెట్టి చూసి, గబుక్కున చేయి అడ్డం పెట్టింది.

"ఆర్పండి. పాప మీదికి తిప్పకండి."

"ఆకుపచ్చే కదండీ?" అన్నాడు గోవిందరాజు.

"కంటికి ఆకుపచ్చే. లోపల నీలం కలిసుంది."

రెండోదీ అంతే. మూడోది వెలగనే లేదు. నాలుగోదాని కొలతలో ఆకుపచ్చ ఒక్కటే సూదిలా నిలబడింది, నీలం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక్క లైటు చాలదు. దాని మీదున్న కంపెనీ పేరు చూసి, అదే రకం ఇంకెక్కడున్నాయో షాపతను ఫోన్ల మీద ఫోన్లు చేశాడు. పాయకరావుపేటలో ఒక కల్యాణమండపంలో రెండున్నాయన్నారు. అవి వచ్చేదాకా ఒక్కదాన్నే పాపకు దగ్గరగా జరిపి, తొట్టె చుట్టూ వంటింటి అల్యూమినియం రేకు కట్టి వెలుగును వెనక్కి మళ్ళించారు. పాప కళ్ళకు గుడ్డకట్టు కట్టారు.

సాయంత్రం చీకటి పడేవేళకి తీసిన రక్తంలో బిలిరుబిన్ ఇంకా పెరిగింది. రెహానా రక్తమార్పిడికి కాకినాడలో రక్తం సిద్ధం చేయించమని ఫోన్‌లో చెప్పి, పెట్టేసింది. పాప ఏడుపు సన్నగా, కీచుగా మారింది. వీపు వెనక్కి వంచుతోంది. రెహానా దాన్ని చూసి పెదవి కొరుక్కోవడం హైమ గమనించింది, ఆ వంపుకు అర్థమేమిటో అడిగే ధైర్యం చెయ్యలేకపోయింది.

పాయకరావుపేట లైట్లు వచ్చాయి. మూడు దిక్కుల నుంచీ వెలుగు పడింది. హైమ మానిటరు ముందు నిలబడింది. అంకె నూటముప్ఫై దగ్గరుంది. అది జారుతుందేమోనని ఆమె, పాప ఒంటిరంగు తగ్గుతుందేమోనని రెహానా చూస్తూ ఉండిపోయారు. ఆకుపచ్చ వెలుగులో ఒంటిరంగేమీ తెలియడం లేదు. తర్వాతి పరీక్షలో బిలిరుబిన్ పెరగలేదు. ఆ తర్వాతి పరీక్షలో ఒక మెట్టు దిగింది. ఫలితం చూసిన రెహానా అక్కడున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది. "రక్తం వద్దని చెప్పండి" అంది నర్సుతో. మహలక్ష్మమ్మ గోడకు తల ఆన్చి పెద్దగా ఏడ్చింది.

పాప బతికింది. గొళ్ళెం ఒంట్లోంచి పూర్తిగా పోయేదాకా, ఎర్రబల్బు వేసిన గదిలోనే పెంచారు. గది కిటికీలకు ఎర్రకాగితం అంటించింది గోవిందరాజు, బల్బు మార్చింది గోవిందరాజు. మాల మాత్ర మానేసింది. మందు పాలల్లో దిగుతుందని హైమే చెప్పింది. డబ్బాపాలు పట్టి మాత్ర వేసుకుంటూ ఉండమని బతిమాలింది. డబ్బాపాలు పాపకు పడలేదు, తాగినదంతా కక్కేసింది. అప్పట్నుంచి మాల తన పాలే ఇస్తోంది. అక్కతో మాట్లాడటం మాత్రం మానేసింది.

రెండో నెలలో రెహానా పాపకు చెవుల పరీక్ష చేయించింది. ఫలితం ఆమే హైమకు ఫోన్ చేసి చెప్పింది. "బిలిరుబిన్ చెవి నరాన్ని పట్టేసింది. రెండు చెవులూ దాదాపు వినపడవు. మెదడుకు మిగతా ఇబ్బందేమీ కనబడలేదు. మిషను పెట్టొచ్చు, తర్వాత ఆపరేషను కూడా ఉంది. మీరు ఇంకొంచెం ఆలస్యమై ఉంటే పాపే ఉండేది కాదు. అది కూడా గుర్తుపెట్టుకోండి."

హైమ ఫోన్ పెట్టేసి ప్రయోగశాలకు వెళ్ళింది. పళ్ళేలన్నీ వరసగా ఉన్నాయి. మీట నొక్కబుద్ధి కాలేదు.

సమీక్షా సంఘం మళ్ళీ కూర్చుంది. అధ్యక్షుడు డాక్టర్ సుధీంద్ర హృద్రోగ నిపుణుడు. మాల ఛాతీలో దీపపుతీగ అమర్చింది ఆయనే. జరిగిందంతా హైమ దాచకుండా చెప్పి, చివర్న ప్రయోగం ఆపెయ్యమని తనే కోరింది. తుని నుంచి మాలను కూడా పిలిపించారు. పాపను ఒళ్ళో పెట్టుకుని ఆమె వెనక వరుసలో గోవిందరాజు పక్కన కూర్చుని ఉంది. సుధీంద్ర అటు తిరిగాడు.

"మీరేమైనా చెబుతారామ్మా?"

మాల పాపను భర్త చేతికిచ్చి లేచింది.

"కోపముందా అని మీరడగలేదు గానీ, ఉందండి. మా అక్క మీదే ఉంది. కడుపులో చీకటి అంది. పుట్టాక వెలుగులోకొస్తుంది కదా అని దానికి తట్టలేదు. నాకూ తట్టలేదు, మోసినదాన్నే అయినా. ఇందరు పెద్దవాళ్ళున్నారు, మీకూ తట్టలేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "మందు మానేశాక నా పెట్టె రెండుసార్లు కొట్టిందండి. ఒకసారి పాప నా ఒళ్ళోనే ఉంది. నేను ఎగిరిపడితే అది మంచం మీద పడింది కాబట్టి సరిపోయింది. మా నాన్నకి ఆ పెట్టె కూడా లేదు."

హైమ తలెత్తలేదు.

"మీరిప్పుడు ఆపేస్తే, ఆ మాత్ర మీద బతుకుతున్నవాళ్ళంతా మళ్ళీ ఆ తన్నులు తినాలి. జరిగింది రాయండి. పుట్టబోయే పిల్లల సంగతి అందరికన్నా ముందు రాయండి. ఏ ఆసుపత్రికి వెళ్ళినా డాక్టరుకి తెలిసేలా రాయండి. మందు మాత్రం ఆపకండి. పాప పాలు మానాక నేను మళ్ళీ వేసుకోవాలి. అప్పటికి మీ దగ్గరుండాలి కదండీ."

సంఘం ఆ మధ్యాహ్నమంతా తర్జనభర్జన పడి, ప్రయోగం కొనసాగించమంది. గర్భిణుల విషయంలో కొత్త కట్టుబాట్లు పెట్టింది. సొంత చెల్లెలు ప్రయోగంలో ఉండగా హైమ దానికి సారథిగా ఉండటం తగదని, బాధ్యత ఇంకొకరికి అప్పగించింది. ఇన్నేళ్ళ పని ఒక్క వాక్యంతో చేయి మారింది. హైమ గది తాళాలు బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది.

పాత భవనం. రెండో అంతస్తు నుంచి దిగాలంటే మెట్లే దారి. గోవిందరాజు కారు తీసుకురావడానికి ముందే వెళ్ళాడు. మాల పాపనెత్తుకుని పై మెట్టు దగ్గర ఆగి ఉంది. హైమ ఆమెను దాటుకుని వెళ్ళలేక, పలకరించలేక కాస్త దూరంలో నిలబడిపోయింది.

"ఇలా రా" అంది మాల. ఇన్నాళ్ళలో అదే మొదటి మాట. "దీన్ని పట్టుకో."

హైమ కదల్లేదు.

"మెట్ల మీద నేనెత్తుకోనక్కా. ఎప్పుడు కొడుతుందో తెలీదు కదా. ఆయన లేకపోతే ఎవర్నో ఒకర్ని అడుగుతాను. పట్టుకో."

హైమ పాపను రెండు చేతులా తీసుకుంది. అప్పటిదాకా ఆమె ఆ బిడ్డను ఎత్తుకోలేదు. తొట్టెలో చూసింది, మానిటరులో చూసింది, అంతే. పాప బరువెక్కింది. పాలవాసన వేస్తోంది. తలను ఆమె మెడ కింద ఆన్చి, కళ్ళు తిప్పుతూ గోడనీ కిటికీనీ చూస్తోంది. హైమ ఒక చేత్తో దాని వీపు పట్టుకుని, కాలితో మెట్టు అంచు తడుముకుని, ఒక్కో మెట్టే దిగసాగింది. వెనకాలే మాల మెట్ల కమ్మీ పట్టుకుని దిగుతోంది. ఎవరూ తొందరపడలేదు.

మలుపు దగ్గర హైమ పాపను ఛాతీకి ఇంకొంచెం దగ్గరగా హత్తుకుని ఏదో అంది. వినపడకపోయినా, ఎముకకు ఎముక తగిలితే మాట అదురు తెలుస్తుందని రెహానా చెప్పింది. పాప కళ్ళు తిప్పడం మానేసి ఆమె గొంతు వైపు చూసింది.

"ఏం చెప్తున్నావు దానికి?" వెనక నుంచి మాల అడిగింది.

"మెట్లు దిగుతున్నామని."

మాల ఇంకో మెట్టు దిగింది. తర్వాత, "సరే, చెప్పు. చూసి దిగు" అంది.